ఆ రోడ్లు కన్న బళ్లు

(పాత మోటార్‌సైకిళ్లంటే ఇష్టపడేవాళ్లు విజయవాడలో ఏర్పాటు చేసుకున్న సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

పాత బ్రిటిష్ మోటార్‌సైకిళ్ల గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. ట్రయంఫ్, నార్టన్, బీఎస్ఏ, విన్సెంట్, వెలోసెట్, మ్యాచ్‌లెస్, ఏరియల్, రాయల్ ఎన్‌ఫీల్డ్. ఈ పేర్లు ఇలా వరసగా చెబుతుంటేనే కొందరి మొహాలు వెలిగిపోతున్నాయి. ఏ బండి ఎంత స్పీడు పోతుంది, ఏది ఏ రేసు గెలిచింది అనేవి మీలో చాలామందికి నోటికి వచ్చు. అందుకే వాటి జోలికి ఎక్కువ వెళ్లను. ఈ రోజు నేను ముఖ్యంగా ఒక్క సంగతే చెప్పాలనుకుంటున్నాను. ఆ బళ్లను వాటి రోడ్ల నుంచి విడదీసి చూస్తే అవి సగమే అర్థమవుతాయి. ఇంగ్లండ్ పల్లెల్లో ఉండే ఆ సన్నటి రోడ్లే వాటిని కన్నాయి. రోడ్లు మారిపోయాక అవి అక్కడ బతకలేకపోయాయి. మనం వాటి కోసం బెంగపెట్టుకుంటున్నామంటే, ఆ రోడ్డు మీద ఆ బండి మీద ఒక మనిషి పోయిన తీరు కోసం బెంగపెట్టుకుంటున్నామని నా నమ్మకం.

నేను మద్రాసులో ఇంజనీరింగ్ చదివి, 1974లో ఉద్యోగం మీద బర్మింగ్‌హామ్ వెళ్లాను. వయసులో ఉన్నవాళ్లంతా జపాన్ బళ్ల వెంట పడుతున్న రోజులవి. పాత ఇంగ్లిష్ బళ్లు ఇళ్ల వెనక షెడ్లలో, తోటల్లో టార్పాలిన్ల కింద పడి ఉండేవి. అడిగితే చవగ్గా ఇచ్చేసేవారు. మా ఫ్యాక్టరీలో నాకు పని నేర్పిన పెద్దాయన తన 1955 మోడల్ బీఎస్ఏ బీ31 నాకు అమ్మాడు. ఒకే సిలిండరు, 348 సీసీ, 17 హార్స్‌పవర్. ఈ రోజు మన కాలేజీ కుర్రాళ్లు నడిపే 200 సీసీ బండికి ఇంతకంటే పవర్ ఎక్కువ. కానీ ఆ 17 గుర్రాలూ ఎలాంటి పనికి పుట్టాయో తెలియాలంటే డెర్బీషైర్ కొండల్లోకి పోవాలి.

బర్మింగ్‌హామ్‌కు ఉత్తరాన పీక్ డిస్ట్రిక్ట్ అని ఒక కొండల ప్రాంతం ఉంది. 1951లో బ్రిటన్‌లో మొట్టమొదటి నేషనల్ పార్కుగా ప్రకటించింది దాన్నే. దక్షిణం వైపు అంతా సున్నపురాయి, ఉత్తరం వైపు నల్లటి ఇసుకరాయి. పొలాల మధ్య సున్నం గానీ మట్టి గానీ వాడకుండా రాయి మీద రాయి పేర్చి గోడలు కడతారు. దక్షిణాన ఆ గోడలు తెల్లగా ఉంటాయి, ఉత్తరానికి పోయేకొద్దీ నల్లబడతాయి. మ్యాపు తీయకుండానే గోడ రంగు చూసి ఎంత దూరం వచ్చామో చెప్పేయవచ్చు. కారులో కూర్చున్నవాడికి కనిపించేది గోడే. మోటార్‌సైకిల్ మీద కూర్చుంటే తల గోడకు పైన ఉంటుంది. గొర్రెలు, వాటి పిల్లలు, కోసి ఎండబెట్టిన గడ్డి, దూరంగా చర్చి శిఖరం అన్నీ కనిపిస్తాయి. కోసిన గడ్డి వాసన, పేడ వాసన, వాన పడబోయే ముందు రాతి నుంచి వచ్చే వాసన, ఇవన్నీ హెల్మెట్‌లోకి వచ్చేస్తాయి.

ఆ రోడ్లు ఎక్కువభాగం గుర్రాల కాలం నాటివి. షెఫీల్డ్ నుంచి గ్లాసప్ పోయే స్నేక్ పాస్ 1821లో తెరిచిన టోల్ రోడ్డు. బక్స్‌టన్, మాకిల్స్‌ఫీల్డ్ ఊళ్ల మధ్య క్యాట్ అండ్ ఫిడిల్ అనే రోడ్డుంది, పైన కొండ నెత్తిన ఉన్న సత్రం పేరే రోడ్డుకు పెట్టారు. ఇప్పుడు అక్కడ 50 మైళ్ల పరిమితి పెట్టి, మొత్తం దూరానికి సగటు వేగం లెక్కగట్టే కెమెరాలు బిగించారు. ప్రమాదాలు ఎక్కువ కాబట్టి పెట్టారు, తప్పనను. ఇలాంటి రోడ్లు కొండను తవ్వుకుంటూ పోవు, కొండ ఎటు చెబితే అటు తిరుగుతాయి. రెండు ఊళ్ల మధ్య దూరం మూడు నాలుగు మైళ్లు. ఈలోగా ఒక దిగుడు, ఒక వంతెన, ఒక ఎక్కుడు, మలుపు చాటున ట్రాక్టరు, రోడ్డు మీద దాని టైర్లు రాల్చిన బురద. పశువులు దాటకుండా రోడ్డుకు అడ్డంగా ఇనుప కమ్మీలు పరిచి ఉంటాయి. తడిసినప్పుడు వాటి మీద బ్రేకు వేశామా, పడ్డట్టే.

ఇలాంటి రోడ్డుకు ఎలాంటి ఇంజను కావాలి? ఎక్కువ ఆర్‌పీఎం, అంటే నిమిషానికి ఎక్కువ చుట్లు, అక్కర్లేదు. మలుపులో స్పీడు తగ్గినా గేరు మార్చకుండా మళ్లీ లాగగలిగేది కావాలి. అందుకే వాళ్లు పిస్టన్ వెడల్పు తగ్గించి, అది పైకీ కిందికీ తిరిగే దూరం, అంటే స్ట్రోక్, పెంచారు. బీ31లో వెడల్పు 71 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 88. మన 350 బుల్లెట్‌లో 70, 90. మ్యాచ్‌లెస్ జీ3ఎల్‌లో 69, 93. నార్టన్ 500ల్లో 79, 100. వేరువేరు కంపెనీలు, ఒకదానితో ఒకటి పోటీ పడే ఇంజనీర్లు, అయినా అందరూ తిరిగి తిరిగి అక్కడికే వచ్చారు. దానికి తోడు లోపల ఫ్లైవీల్స్ అనే బరువైన చక్రాలు. ఒకసారి తిరగడం మొదలుపెడితే ఆ బరువే బండిని ముందుకు తోస్తుంది. బీ31 టాప్ గేర్‌లో గంటకు 25 మైళ్లకు పడిపోయినా సణగదు. యాక్సిలరేటర్ కొంచెం తిప్పితే చాలు, గుండెల్లో తెలిసేలా ఒక్కో పేలుడూ వినిపిస్తూ కొండ ఎక్కేస్తుంది.

దాన్ని స్టార్ట్ చేసే పద్ధతి చెప్పకుండా ముందుకు పోలేను. ముందు పెట్రోల్ ట్యాప్ తెరవాలి. ఆమల్ కార్బురేటర్ మీద చిన్న బొడిపె ఉంటుంది. దాన్ని నొక్కి పట్టుకుంటే లోపలి ఫ్లోట్ కిందికి దిగి, పెట్రోల్ నిండి, వేలి మీదికి పొంగుతుంది. డిసెంబరు ఉదయం ఆ చల్లదనం ఎముకలోకి పోతుంది. హ్యాండిల్ మీద ఒక చిన్న లివర్‌తో ఇగ్నిషన్ టైమింగ్, అంటే నిప్పురవ్వ పుట్టే క్షణం, వెనక్కి జరపాలి. అది మరిచిపోతే కిక్ ఎదురు తంతుంది, చీలమండ విరిగినవాళ్లు కూడా ఉన్నారు. తరవాత కిక్ మెల్లగా నొక్కుతూ పోతే ఒకచోట గట్టిగా అడ్డం తగులుతుంది. అక్కడ సిలిండరులో ఒత్తిడి వదిలేసే డికంప్రెసర్ లివర్ పట్టుకుని కిక్ కొంచెం దాటించాలి. లివర్ వదలాలి, కిక్ పైకి రానివ్వాలి. అప్పుడు తొందర లేకుండా, ఒంటి బరువు మొత్తం వేసి ఒకే ఒక్క తొక్కు. బుల్లెట్ ఉన్నవాళ్లకు ఇది కొత్తేమీ కాదు, మీరు కరెంటు కొలిచే అమ్మీటర్ ముల్లు మధ్యకు వచ్చేదాకా కిక్ నొక్కి చూస్తారు. బీ31లో బ్యాటరీ అక్కర్లేకుండా నిప్పురవ్వ పుట్టించే మ్యాగ్నెటో కాబట్టి అమ్మీటర్ సాయం ఉండదు. మీ పాదమే చెప్పాలి. మా పెద్దాయన తన ఎడమ చెయ్యి ట్యాంకు మీద ఆనించి, కళ్లు మూసుకుని, ఇంజను ఎక్కడ ఉందో పాదంతో వెతికి, కళ్లు తెరిచి తొక్కేవాడు. మొదటి తొక్కుకే అందుకునేది.

ఇక నడపడం. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. డ్రమ్ బ్రేకులు, పట్టగానే ఆగవు. 6 వోల్టుల డైనమో, సాయంత్రం పడితే హెడ్‌లైటు వెలుగు పది గజాల దగ్గరే తడబడుతుంది. స్మిత్స్ క్రోనోమెట్రిక్ స్పీడోమీటరు లోపల గడియారం లాంటి యంత్రం ఉంటుంది. అందుకే దాని ముల్లు సాగినట్టు కదలదు, ఒక్కో మెట్టూ టక్‌మని ఎక్కుతుంది. ఇవన్నీ లోపాలే కదా అంటారు ఎవరైనా. నేను వాదించను. కానీ బ్రేకు ఆలస్యంగా పడుతుందని తెలిసినవాడు చూపును దూరంగా పెడతాడు. మలుపు కనిపించగానే అటువైపు గోడ ఎలా వంగుతోందో, టెలిఫోన్ స్తంభాలు ఎటు పోతున్నాయో గమనిస్తాడు. పొలం గేటు తెరిచి ఉంటే ఆవులు వస్తాయేమో అనుకుంటాడు. ఇంజను శబ్దంలో కొంచెం తేడా వచ్చినా వింటాడు. గంటకు 45 మైళ్ల దగ్గర మనిషి పూర్తిగా పనిలో ఉంటాడు, ఫోన్ గురించి గానీ ఆఫీసు గురించి గానీ ఆలోచించే వీలే ఉండదు. ఇప్పటి మంచి బండి మీద అదే రోడ్డులో అదే వేగంతో పోతే బోరు కొడుతుంది. ఆ మెలకువ రావాలంటే 80 దాటించాలి, దాటిస్తే ప్రాణం మీదికి వస్తుంది. పాత బండి అదే సుఖాన్ని చట్టం ఒప్పుకునే వేగంలోనే ఇస్తుంది. దీనికి మించి ఆ బళ్లలో గొప్పేమిటని అడిగితే నా దగ్గర ఇంకో జవాబు లేదు.

అక్కడ నేను అన్నిటికంటే ఎక్కువగా తలుచుకునే రోడ్డు ఇప్పుడు లేదు. కాసిల్‌టన్ అనే ఊరి పైన మామ్ టార్ అని ఒక కొండ. దాని పక్క వాలు మీదుగా 19వ శతాబ్దం మొదట్లో ఒక రోడ్డు వేశారు. పక్కనే విన్నట్స్ పాస్ అని రాళ్ల మధ్య నిట్టనిలువు ఇరుకు దారి ఉంది, అక్కడ ఐదడుగులకు ఒక అడుగు ఎత్తు లేస్తుంది. గుర్రబ్బళ్లు అది ఎక్కలేవని ఈ సుళువైన దారి వేసుకున్నారు. కానీ మామ్ టార్ వాలు గట్టి నేల కాదు. వానలు పడ్డప్పుడల్లా జారుతూనే ఉండేది. ప్రతిసారీ మళ్లీ తారు పోసేవారు, అది మళ్లీ కుంగేది. నేను వెళ్లిన తొలి ఏళ్లలో ఆ రోడ్డు ఇంకా తెరిచే ఉంది. అలలు అలలుగా ఉండేది. బీ31 మీద నెమ్మదిగా ఎక్కుతుంటే సీటు స్ప్రింగులు చెప్పేవి, పోయినసారికీ ఈసారికీ ఎక్కడ కుంగిందో. 1979లో ఇక లాభం లేదని శాశ్వతంగా మూసేశారు. ఇప్పుడు అక్కడికి నడిచి పోవచ్చు. తారు పొరలు విరిగి పక్కకు తిరిగి, ఒక్కో తరం వేసిన మందం విడివిడిగా కనిపిస్తుంది. మధ్యలో తెల్లగీత ఇంకా కొన్నిచోట్ల ఉంది, అడుగు లోతుకు తెగిపోయి. రోడ్డు కూడా పుట్టి, బతికి, చచ్చిపోతుందని నాకు అక్కడే తెలిసింది.

ఆ రోడ్లే బళ్లను కన్నాయని ఎందుకన్నానో చెబుతాను. బర్మింగ్‌హామ్ చుట్టూ ఇరవై మైళ్లలోపే పెద్ద కంపెనీల్లో ఎక్కువభాగం ఉండేవి. స్మాల్ హీత్‌లో బీఎస్ఏ, బ్రేస్‌బ్రిడ్జ్ వీధిలో నార్టన్, సెల్లీ ఓక్‌లో ఏరియల్, హాల్ గ్రీన్‌లో వెలోసెట్, రెడ్డిచ్‌లో రాయల్ ఎన్‌ఫీల్డ్. ట్రయంఫ్ మొదట కోవెంట్రీలో ఉండేది. 1940 నవంబరు 14 రాత్రి జర్మన్ బాంబులకు ఆ ఫ్యాక్టరీ నాశనమైతే, 1942లో మెరిడెన్ అనే పల్లెకు మారింది. ఈ ఫ్యాక్టరీల టెస్ట్ రైడర్లు గేటు దాటి పది పదిహేను నిమిషాలు పోతే చాలు, వార్విక్‌షైర్, వూస్టర్‌షైర్ పల్లె రోడ్లు. బండికి పరీక్ష అక్కడే. ఇంజనీరు బల్ల దగ్గరికి ఫిర్యాదు వచ్చేదీ అక్కడి నుంచే.

ఇంకా బాగా తెలియాలంటే మన బుల్లెట్ సంగతే చూడండి. అంతకుముందు చాలా బళ్లకు వెనక సస్పెన్షనే ఉండేది కాదు. వెనక చక్రాన్ని ఫ్రేముకు బిగించేసేవారు, కుదుపంతా సీటు స్ప్రింగులే మింగాలి. 1948లో రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్లు వెనక చక్రం పైకీ కిందికీ ఊగేలా స్వింగ్‌ఆర్మ్, రెండు షాక్ అబ్జార్బర్లు పెట్టిన 350 బుల్లెట్‌ను కోల్‌మోర్ కప్ ట్రయల్‌కు తెచ్చారు. ట్రయల్ అంటే స్పీడు పోటీ కాదు. బురదలో, వాగు రాళ్ల మీద, నిట్టనిలువు గట్ల మీద కాలు కింద పెట్టకుండా పోవాలి. వెనక చక్రం ఊగే బండి ఇలాంటి చోట పనికొస్తుందా అని అనుమానపడ్డవాళ్లు చాలామందే. అదే ఏడాది ఇటలీలో జరిగిన ఇంటర్నేషనల్ సిక్స్ డేస్ ట్రయల్‌లో ఆ బళ్లకు రెండు బంగారు పతకాలు వచ్చాయి. ఇప్పుడు మీరు గుంతల రోడ్డు మీద నడుము పట్టుకోకుండా పోతున్నారంటే, ఇంగ్లండ్ బురద దారుల్లో ఆ రోజు తేలిన సంగతి అందులో ఉంది.

ఈ బళ్లు మగవాళ్ల వ్యవహారం అనుకునే అమ్మాయిలు ఇక్కడ ఎవరైనా ఉంటే వాళ్లకోసం ఒక మాట. బియాట్రిస్ షిల్లింగ్ అనే ఇంజనీరు 1934లో 500 సీసీ నార్టన్ మీద బ్రూక్‌లాండ్స్ రేసు ట్రాక్‌ను సగటున 106 మైళ్ల వేగంతో చుట్టి గోల్డ్ స్టార్ బ్యాడ్జి సంపాదించింది. తరవాత యుద్ధంలో బ్రిటిష్ విమానాల మెర్లిన్ ఇంజన్లు డైవ్ కొట్టేటప్పుడు ఆగిపోతుంటే, కార్బురేటర్‌కు చిన్న చిల్లుబిళ్ల ఒకటి పెట్టి ఆ రోగం కుదిర్చింది కూడా ఆమే. అదే 1934 డిసెంబరులో థెరిసా వాలక్, ఫ్లోరెన్స్ బ్లెంకిరన్ అనే ఇద్దరు యువతులు పాంథర్ బండికి సైడ్‌కారు తగిలించుకుని లండన్ నుంచి బయల్దేరి, సహారా ఎడారి దాటి, కేప్‌టౌన్ చేరారు.

సైడ్‌కారు అన్నాను కాబట్టి అదీ చెప్పాలి. మనకు ఆ బళ్లు అనగానే తోలు జాకెట్ వేసుకున్న కుర్రాళ్లు గుర్తొస్తారు. కానీ 1950ల్లో ఎక్కువ బళ్లు నడిపింది ఫౌండ్రీల్లో, మిల్లుల్లో పనిచేసే సంసారులు. కారు కొనే తాహతు లేదు. బండికి సైడ్‌కారు బిగించి, అందులో భార్యను, పిల్లలను, ఫ్లాస్కుతో టీని కూర్చోబెట్టి ఆదివారం పూట కొండల్లోకి పోయేవాళ్లు. మా పెద్దాయన పిల్లలు అలాగే పెరిగారు. పెద్దవాడు వెనక సీటు మీద, చిన్నది తల్లి ఒళ్లో. వాన పడితే చెట్టు కింద ఆగి టీ తాగడం. ఫ్యాక్టరీ పొగలో ఆరు రోజులు గడిపిన మనిషికి ఏడో రోజు పచ్చదనం అందించింది ఆ బండే. 1959 ఆగస్టులో మినీ కారు 497 పౌన్లకు వచ్చింది. ఆ సంసారులంతా కార్లలోకి మారిపోయారు. ఇందులో బాధపడటానికేమీ లేదు, వానలో తడవకుండా పిల్లల్ని తిప్పాలని ఏ తండ్రికి ఉండదు?

అదే ఏడాది నవంబరులో ఎం1 మోటార్‌వే మొదటి భాగం తెరిచారు. తిన్నగా, వెడల్పుగా, స్పీడు పరిమితి లేకుండా. 70 మైళ్ల పరిమితి 1965 డిసెంబరులో గానీ రాలేదు. నా దృష్టిలో అసలు మలుపు ఇక్కడే ఉంది. బ్రిటిష్ బళ్లను హోండా చంపిందని అందరూ అంటారు. 1969లో వచ్చిన సీబీ750కి నాలుగు సిలిండర్లు, ముందు డిస్క్ బ్రేకు, సెల్ఫ్ స్టార్టర్ ఉన్నాయి, నూనె కారదు. దాని ముందు మన బళ్లు పాతబడిపోయిన మాట నిజమే. బీఎస్ఏ, ట్రయంఫ్ యాజమాన్యాలు కొత్త మెషీన్లకు పెట్టుబడి పెట్టకుండా కాలం గడిపిన మాటా నిజమే. కానీ అంతకు పదేళ్ల ముందే రోడ్డు మారిపోయింది. పల్లె రోడ్డులో 45 దగ్గర హాయిగా ఊపిరి తీసుకునే పొడుగు స్ట్రోక్ ఇంజనును గంటల తరబడి 70, 80 దగ్గర పట్టి ఉంచితే ఏమవుతుంది? వైబ్రేషన్‌కు బల్బుల ఫిలమెంట్లు తెగుతాయి, బోల్టులు వదులవుతాయి. నిలువుగా రెండు ముక్కలు చేసి అతికించిన క్రాంక్‌కేస్ (ఇంజను అడుగు పెట్టె) జాయింట్ల నుంచి నూనె చెమ్మగిల్లుతుంది. 1937లో ట్రయంఫ్ డిజైనర్ ఎడ్వర్డ్ టర్నర్ రెండు సిలిండర్ల స్పీడ్ ట్విన్ చేసినప్పుడు అది అద్భుతం, నేనూ ఒప్పుకుంటాను. అదే డిజైన్‌ను 650, 750 సీసీలకు సాగదీసి మోటార్‌వే మీదికి తోలారు. రెండు పిస్టన్లు ఒకేసారి లేచి ఒకేసారి దిగే ఇంజను అది, దాని మీద చేతులు తిమ్మిరెక్కవూ?

తరవాతి కథ బాధాకరం. 1973లో మెరిడెన్ ఫ్యాక్టరీ మూసేస్తామంటే కార్మికులు గేట్లు మూసి లోపలే బైఠాయించారు. సహకార సంఘం పెట్టుకుని 1983 దాకా ట్రయంఫ్ బొనవిల్‌ను వాళ్లే తయారుచేశారు. నేను వెళ్లేసరికి ఆ పోరాటం నడుస్తూనే ఉంది, మా ఫ్యాక్టరీ క్యాంటీన్లో రోజూ అదే మాట.

ఈ జ్ఞాపకాల్లో తీపి ఒక్కటే చెబితే తప్పవుతుంది. ఆ సన్నటి రోడ్లు మనుషుల్ని మింగాయి కూడా. అరేబియా లారెన్స్‌గా పేరుపడ్డ బ్రిటిష్ సైనికాధికారి టీ.ఈ. లారెన్స్‌కు బ్రఫ్ సుపీరియర్ బళ్లంటే ప్రాణం. 1935 మే 13న డోర్సెట్‌లో తన కుటీరం దగ్గరి చిన్న రోడ్డు మీద వస్తుంటే, దిగుడులో సైకిళ్ల మీద పోతున్న ఇద్దరు పిల్లలు చివరి క్షణంలో కనిపించారు. వాళ్లను తప్పించబోయి పడిపోయాడు. తలకు దెబ్బ, హెల్మెట్ లేదు. ఆరు రోజులకు చనిపోయాడు. ఆయన్ను చూసిన డాక్టర్లలో హ్యూ కెయిర్న్స్ అనే న్యూరోసర్జన్ ఉన్నాడు. ఆ మరణం ఆయన్ను వదల్లేదు. మోటార్‌సైకిల్ మీద పడి తల పగిలి చనిపోయిన సైనికుల కేసులన్నీ సేకరించి, హెల్మెట్ ఉంటే ఎందరు బతికేవారో 1941లో రాశాడు. సైన్యం బళ్ల మీద సందేశాలు మోసే తన డిస్పాచ్ రైడర్లకు హెల్మెట్ తప్పనిసరి చేసింది. మామూలు జనానికి ఆ చట్టం రావడానికి 1973 దాకా పట్టింది. పాత బండి మీద పాత కాలంలాగే ఉండాలని హెల్మెట్ లేకుండా ఫొటోలు దిగే కుర్రాళ్లను ఇక్కడ చూస్తున్నాను. దయచేసి ఆ పని చేయకండి.

ఇప్పుడు మన బుల్లెట్‌కు వద్దాం. సరిహద్దుల్లో గస్తీకి పనికొస్తుందని మన సైన్యం బుల్లెట్‌ను ఎంచుకుంది. 1955లో రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్లు మద్రాస్ మోటార్స్‌తో కలిసి మద్రాసు దగ్గరి తిరువొత్తియూర్‌లో ఫ్యాక్టరీ పెట్టారు. మొదట్లో ఇంగ్లండ్ నుంచి విడిభాగాలు తెప్పించి బిగించేవారు, తరవాత అన్నీ ఇక్కడే చేశారు. రెడ్డిచ్ ఫ్యాక్టరీ 1967లో మూతపడింది. తిరువొత్తియూర్‌లో మాత్రం అదే బండి, అదే పోత ఇనుము ఇంజను, దశాబ్దాలపాటు వస్తూనే ఉంది. ఎందుకు? పోటీ లేదు, లైసెన్సుల కాలం కాబట్టి అంటారు. అది ఒక కారణం. నేను చూసే కారణం ఇంకోటి ఉంది. ఆ బండి ఏ రోడ్డు కోసం పుట్టిందో ఆ రోడ్డు ఇక్కడ మిగిలి ఉంది. ఒంటి వరస తారు, రెండు పక్కలా మట్టి భుజాలు, మలుపు చాటున గేదెలు, ఎదురుగా ఎడ్లబండి, గంటకు 60 కిలోమీటర్లు దాటని ప్రయాణం. దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కే ఘాట్ రోడ్డు తీసుకోండి, అనంతగిరి మీదుగా అరకు పోయే రోడ్డు తీసుకోండి, మదనపల్లె నుంచి హార్స్‌లీ హిల్స్ తీసుకోండి. ఇంజను ఏ గేరులో ఎంత లాగాలో రెడ్డిచ్‌లో లెక్క వేశారు, ఆ లెక్క నల్లమలలో కూడా సరిపోయింది. మన ఎస్సైలు, మోతుబరులు, మిలిటరీ నుంచి రిటైరై వచ్చిన పెద్దలు ఊరి రోడ్ల మీద ఆ బండినే ఎందుకు నమ్ముకున్నారో ఆలోచించండి. 1977లో ఆ బుల్లెట్లే మద్రాసు నుంచి ఓడెక్కి ఇంగ్లండ్ మార్కెట్‌కు పోయాయి. ఒక సాయంత్రం డెర్బీషైర్‌లో ఒక టీ కొట్టు ముందు మద్రాసులో తయారైన బుల్లెట్ నిలబెట్టి ఉంటే, చుట్టూ చేరిన ముసలివాళ్లు అది కొత్త బండంటే నమ్మలేదు. ఆ రోజు నాకు కలిగిన గర్వం ఇప్పటికీ తగ్గలేదు.

ఈమధ్య పాత పేర్లలో కొన్ని మన దేశం చేతికి వచ్చాయి. నార్టన్‌ను 2020లో టీవీఎస్ కొన్నది. బీఎస్ఏ పేరు మహీంద్రా వాళ్ల క్లాసిక్ లెజెండ్స్ దగ్గర ఉంది. ట్రయంఫ్ మనది కాకపోయినా, దాని 400 సీసీ బళ్లను బజాజ్ పుణె దగ్గరి చాకన్‌లో తయారుచేస్తోంది. మంచి బళ్లే, వాటిని తక్కువ చేయను. కానీ వాటిని కొనుక్కుని పాత బండి ఎక్కిన అనుభవం దొరుకుతుందనుకుంటే దొరకదు.

పాత బళ్లను ఎలా చూసుకోవాలో మాత్రం అక్కడివాళ్ల దగ్గర నేర్చుకోవచ్చు. 1946 ఏప్రిల్‌లో, యుద్ధం ముగిసి ఏడాది కూడా కాకముందే, సర్రేలోని హాగ్స్ బ్యాక్ అనే గుట్ట మీద కొద్దిమంది చేరి వింటేజ్ మోటార్ సైకిల్ క్లబ్ పెట్టారు. తుక్కు కింద పోతున్న బళ్లను కాపాడాలని, కాపాడి నడపాలని. వాళ్లు నడిపే బాన్‌బరీ రన్‌లో 1931కి ముందు బళ్లకే చోటు. సన్‌రైజింగ్ హిల్ అనే నిట్టనిలువు గట్టు దగ్గర జనం నిలబడి చూస్తారు. తొంభై ఏళ్లు దాటిన బండి, మూడే గేర్లు, వెనక్కి జారుతుందేమో అనిపించే ఎక్కుడు. కొందరు దిగి పక్కన పరుగెత్తుతూ తోస్తారు. పయొనీర్ రన్ అనే ఇంకో యాత్రకైతే 1915కు ముందు బండి కావాలి. అది 1930 నుంచి ఉంది. సోలిహల్‌లోని నేషనల్ మోటార్‌సైకిల్ మ్యూజియం 2003 సెప్టెంబరులో అంటుకుని 300కు పైగా బళ్లు కాలిపోయాయి. బూడిదలోంచి తీసిన ఇనుముతో వాటిలో చాలావాటిని మళ్లీ నిలబెట్టారు.

అక్కడ 40 ఏళ్లు దాటిన బండికి రోడ్డు టాక్స్ లేదు, 2018 నుంచి చాలావాటికి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష కూడా లేదు. బాగా ఉంచుకోవలసిన బాధ్యత యజమానిదే. రోజూ నడుపుకోవచ్చు. మన దగ్గర 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్ కింద రిజిస్టర్ చేయించుకోవచ్చు, నంబరులో వీఏ అని వస్తుంది. గుర్తింపు ఇచ్చినందుకు సంతోషమే. కానీ ఆ నంబరు తీసుకుంటే ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, రిపేరుకో తప్ప మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు. ఇది నాకు నచ్చలేదు. తిరగని ఇంజనులో నూనె కిందికి దిగిపోతుంది, సీళ్లు ఎండిపోతాయి, ట్యాంకులో తుప్పు పడుతుంది. నెలకు రెండుసార్లయినా పల్లె రోడ్డు మీద 50 కిలోమీటర్లు తిరిగిన బండి, గాజు వెనక నిలబెట్టినదాని కంటే ఎక్కువ కాలం ఉంటుంది. ఈ నిబంధన మార్చమని మనమంతా కలిసి అడగాలి.

ఇంకో టెన్షన్ పెట్రోలుది. బ్రిటన్‌లో 2021 నుంచి 10 శాతం ఇథనాల్, మన దగ్గర ఇప్పుడు 20 శాతం. ఇథనాల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది, పాత రకం రబ్బరును మెత్తబరుస్తుంది, ట్యాంకు లోపల పూసిన సీలర్‌ను కరిగిస్తుంది. కాబట్టి పెట్రోలు పైపులు, ట్యాప్ వాషర్లు ఇథనాల్‌కు తట్టుకునేవి మార్చుకోండి. బండి నెలరోజులు పక్కన పెట్టేటట్టయితే కార్బురేటర్ గిన్నెలో పెట్రోలు వంపేయండి.

చివరిగా పానాల సంగతి. పాత బుల్లెట్లలో, బీఎస్ఏల్లో చాలా నట్లు విట్‌వర్త్ కొలతలవి, 1841లో జోసెఫ్ విట్‌వర్త్ పెట్టిన పద్ధతి. ఆ పానా మీద ఉన్న అంకె నట్టు తలది కాదు, బోల్టు మందానిది. పావు అంగుళం విట్‌వర్త్ నట్టుకు మన 13 నంబరు పానా ఎక్కదు, 14 వదులవుతుంది. 14తోనే లాగేసి మూలలు అరగదీసిన నట్లు ఎన్ని చూశానో. నేను వాడే సెట్టు తెచ్చాను, ఈ బల్ల మీదే ఉంది. మీ బండి నట్లకు ఏది పడుతుందో చూసుకోవాలంటే తీసుకెళ్లి చూసుకోండి, సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను. ఇప్పుడు ప్రశ్నలుంటే అడగండి.